పాట్‌షాట్ అంటే ఏమిటి, ఎలా వాడాలి: తరచుగా అడిగే ప్రశ్నలు

అశోక్‌నగర్‌లో సాయంత్రం పూట ఒక గదిలో ఇంగ్లీష్ చెప్తుంటాను. వచ్చేవాళ్ళలో సగం మంది పొద్దున చిక్కడపల్లి లైబ్రరీలో ఇంగ్లీష్ పేపర్ తిరగేసి, తెలియని మాటలు అరచేతిలో పెన్నుతో రాసుకొస్తారు. అలా అరచేతుల్లో నేను ఎక్కువసార్లు చూసిన మాటల్లో పాట్‌షాట్ ఒకటి. ప్రతి బ్యాచ్‌లోనూ ఇంచుమించు అవే సందేహాలు. బోర్డు మీద రాయడం, తుడవడం ఎందుకని ఒకచోట పెడుతున్నాను. ఏ ప్రశ్న కావాలంటే అక్కడికే వెళ్ళండి, దేని జవాబు దానికే ఉంటుంది.

## పేపర్లో మొదటిసారి కనబడినప్పుడు

పాట్‌షాట్ అంటే ఒక్క ముక్కలో ఏంటి మేడం?

ముందూ వెనకా చూసుకోకుండా, సులువుగా దొరికినవాళ్ళ మీదికి విసిరేసే విమర్శ. ఇరానీ హోటల్లో ఒకాయన చాయ్ సాసర్లో పోసుకుంటూ టీవీ వైపు ఓసారి చూస్తాడు. "వీడికి బ్యాట్ పట్టుకోవడం ఎవడు నేర్పాడ్రా" అంటాడు. మళ్ళీ బిస్కెట్ చాయ్‌లో ముంచుకోవడంలో పడిపోతాడు. స్కోరెంతో ఆయనకు తెలియదు, ఆ కుర్రాడి పేరు కూడా తెలియకపోవచ్చు. టీవీలో ఉన్నవాడు దిగి వచ్చి జవాబు చెప్పలేడు. ఆయన అన్న మాట అచ్చమైన పాట్‌షాట్. గురి దగ్గర్లో ఉండాలి, అన్నవాడు పెద్దగా ఆలోచించి ఉండకూడదు, తిరిగి దెబ్బ తగిలే భయం తక్కువగా ఉండాలి. ఈ మూడూ ఉన్నచోట ఈ మాట చక్కగా అతుకుతుంది.

ఎలా పలకాలి? పాట్ షాటా, పోట్ షాటా?

పాట్‌షాట్. 'హాట్', 'డాట్' ఎలా అంటామో అలాగే, కానీ దీర్ఘం మరీ సాగదీయొద్దు. ఊనిక మొదటి ముక్క మీద ఉంటుంది.

ఒక మాటగా రాయాలా, రెండుగా విడగొట్టాలా?

అమెరికా వాళ్ళు ఎక్కువగా కలిపి ఒకే మాటగా రాస్తారు. బ్రిటిష్ పద్ధతిలో మధ్యలో చిన్న గీత పెట్టడం ఎక్కువ. రెండూ సరైనవే. ఒకే జవాబు పత్రంలో ఒకచోట అలా, ఇంకోచోట ఇలా రాయకండి, అంతే.

తుపాకీతో కాల్చడం అనే అర్థం కూడా ఉందంటున్నారు, నిజమేనా?

నిజమే, అసలు అర్థం అదే. సరిగ్గా గురి చూడకుండా, కనబడిన దాని మీదికి కాల్చేయడం. ఇప్పటికీ ఆ అర్థంలో వాడతారు. తుపాకీయే ఉండాలని కూడా లేదు. పిల్లలు ఉండేలు పట్టుకుని వీధి దీపాల మీదికి రాళ్ళు కొడుతున్నా ఇంగ్లీష్‌లో పాట్‌షాట్స్ అనొచ్చు. మా ఊళ్ళో ఉండేలుని గులేరు అంటాం. గులేరుతో మామిడికాయ కొట్టడానికి మాత్రం మంచి గురి కావాలి, దాన్ని పాట్‌షాట్ అంటే నేనొప్పుకోను.

వార్తలో వచ్చినప్పుడు అది తుపాకీయా, మాటలా అని ఎలా తెలుస్తుంది?

చేసింది ఎవరు, దేనితో చేశారు అన్నది చూడండి. 'విత్ ఎన్ ఎయిర్ గన్' అనో, 'ఫ్రమ్ ది రూఫ్‌టాప్' అనో ఉంటే నిజం కాల్పులు. సభలో, ఇంటర్వ్యూలో, ప్రెస్‌మీట్‌లో అయితే మాటలు.

ఇది తెలియక నేనే ఒకసారి పరువు పోగొట్టుకున్నాను. చదువు అవగానే కొన్నాళ్ళు ఒక తెలుగు పత్రిక డెస్క్‌లో పనిచేశాను. ఒకరోజు రాత్రి పదకొండు దాటాక ఇంగ్లీష్ కాపీ వచ్చింది. ఇంకో రాష్ట్రంలో ప్రతిపక్ష నాయకుడు ముఖ్యమంత్రి మీద 'టుక్ పాట్‌షాట్స్' అని మొదటి లైన్లోనే ఉంది. మిగతాది చదివే టైం లేదు. 'ముఖ్యమంత్రిపై ప్రతిపక్ష నేత కాల్పులు' అని శీర్షిక కొట్టి పంపించేశాను. రెండు నిమిషాల తర్వాత పేజీలు చూసే పెద్దాయన నా సీటు దగ్గరికే వచ్చి, చాలా నెమ్మదిగా, "అమ్మా, ముఖ్యమంత్రి గారు బతికే ఉన్నారా? ఫస్ట్ పేజీ ఆపమంటావా?" అని అడిగారు. ఆ రాత్రి నేర్చుకున్న మాట ఇన్నేళ్ళయినా మర్చిపోలేదు.

ఒకే ప్రసంగాన్ని ఒక పేపర్ 'క్రిటిసిజం' అంది, ఇంకో పేపర్ 'పాట్‌షాట్' అంది. ఏది కరెక్ట్?

అందరూ ఆగి ఆలోచించాల్సిన ప్రశ్న ఇదే, కానీ అడిగేవాళ్ళు తక్కువ. పాట్‌షాట్ అనేది జరిగిన సంగతిని మాత్రమే చెప్పే మాట కాదు, దాని మీద తీర్పు కూడా చెప్తుంది. ఫలానా ఆయన విమర్శించాడు అని రాస్తే రిపోర్టర్ పక్కకి తప్పుకుని నిలబడ్డట్టు. పాట్‌షాట్ వేశాడు అని రాస్తే, 'ఆ విమర్శలో పస లేదు, నోటికొచ్చింది అనేశాడు' అని రిపోర్టర్ తన మాట కూడా కలిపినట్టు. అంటే తెలిసో తెలియకో ఒక పక్షం వహించినట్టే.

అన్న మాటలు రెండు పేపర్లకీ ఒకటే. వాటి తూకం చూసినవాళ్ళు వేరు. అందుకే ఈ మాట కనబడగానే ఆ నాయకుడు అసలు ఏమన్నాడో కొటేషన్ మార్కుల మధ్య వెతకండి. అక్కడ లెక్కలు, తేదీలు, కారణాలు ఉండి కూడా పైన పాట్‌షాట్ అని రాశారంటే, అజాగ్రత్త నాయకుడిది కాదు, శీర్షిక పెట్టినవాళ్ళది. కొటేషన్లో ఒట్టి వెటకారం తప్ప ఏమీ లేకపోతే పేపర్ సరిగ్గానే రాసినట్టు.

## మాట ఎక్కడి నుంచి వచ్చింది

పాట్ అంటే కుండ కదా, కుండకీ విమర్శకీ ఏం సంబంధం?

కుండే. మన పాట్ బిర్యానీలో ఉన్న పాటే ఇదీ. ఇంగ్లండ్‌లో జమీందార్లకి వేట ఒక క్రీడ. దానికి మర్యాదలు, నియమాలు ఉండేవి. ఎగిరే పిట్టని కొడితే మొనగాడు. నేల మీద కూర్చున్న పిట్టని, నీళ్ళలో కదలకుండా ఉన్న బాతుని కొడితే చిన్నచూపు. ఆకలేసినవాడికి ఈ పట్టింపు ఎందుకుంటుంది? పొయ్యి మీద కుండలోకి ఏదో ఒకటి పడాలి. దగ్గర్లో ఏది కూర్చుని ఉంటే దాన్ని కొట్టేస్తాడు. అలా కుండ కోసం కొట్టిన దెబ్బకి 19వ శతాబ్దంలో పాట్‌షాట్ అనే పేరొచ్చింది. కూటి కోసం కోటి విద్యలు అంటాం కదా, అందులో ఇదొకటి.

ఒక్క విషయం గమనించండి. కడుపు నిండినవాడు కడుపు కాలేవాడిని వెక్కిరిస్తూ పుట్టించిన మాట ఇది. పేదవాడి వైపు నుంచి చూస్తే ఆ దెబ్బలో అజాగ్రత్త ఏమీ లేదు. ఒక్క తూటా, ఒక పూట తిండి. మాటకి ఉన్న చిన్నచూపు మాత్రం జమీందారుది. అదే మనదాకా వచ్చింది.

వేట మాట విమర్శకి ఎలా మారింది?

మాటలు అలా మారుతూనే ఉంటాయి. మన షికారు చూడండి. పారసీలో షికార్ అంటే వేట. నిజాం కాలంలో షికారుకి వెళ్ళారంటే తుపాకీలు, గుర్రాలు, గుడారాలు. ఇప్పుడు ట్యాంక్‌బండ్ మీద షికారుకి వెళ్దాం అంటే ఐస్‌క్రీమ్ తిని రావడం. తుపాకీ ఎప్పుడో జారిపోయింది. ఇంగ్లీష్‌లో తుపాకీ జారిపోయి నోరు మిగిలింది. గురి చూడకుండా కాల్చడం కాస్తా 20వ శతాబ్దంలో ఆలోచించకుండా అనేయడం అయింది. అసలు వేట మన దగ్గర 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం కాబట్టి, హైదరాబాద్‌లో ఇప్పుడు మీకు దొరికే పాట్‌షాట్లన్నీ నోటివే.

పాట్ అంటే గంజాయి అని కూడా విన్నాం. దానికేమైనా లింకుందా?

లేదు. అది తర్వాత వచ్చిన అమెరికా యాస. పబ్బుల్లో తాగే 'షాట్స్'కీ సంబంధం లేదు. ప్రతి బ్యాచ్‌లోనూ వెనక బెంచీ నుంచి ఈ ప్రశ్న ఒకటి వస్తుంది, వాళ్ళకి నా జవాబు ముందే తెలుసు.

పాట్‌బాయిలర్ సినిమా అంటారే, ఆ పాట్ కూడా ఇదేనా?

ఇదే. ఇంట్లో కుండ ఉడకడం కోసం, అంటే డబ్బుల కోసం, గబగబా చుట్టేసిన పుస్తకమో సినిమానో పాట్‌బాయిలర్. రెండు మాటల్లోనూ కుండ ఒకటే, చిన్నచూపు కూడా ఒకటే.

తుపాకి రాముడి మాటల్లాంటివేనా ఇవి?

ఈ ప్రశ్న అడిగింది సిద్దిపేట అమ్మాయి, నాకు భలే నచ్చింది. తెలంగాణ పల్లెల్లో పిట్టల దొర వచ్చేవాడు. ఖాకీ బట్టలు, నెత్తిన టోపీ, భుజాన కట్టె తుపాకి. ఆయన్నే తుపాకి రాముడు అంటారు. తుపాకి ఉంది, మాటలున్నాయి, కానీ ఆయన చేసేది పాట్‌షాట్ కాదు. ఆయన కోతలు కోస్తాడు. లేని జాగీర్లు, లేని నౌకర్లు ఉన్నాయని తన గురించి తానే గొప్పలు చెప్పి నవ్విస్తాడు. ఆ కోతల మధ్యలో ఊరి పెద్దల మీద ఒక చురక వేసి పోతాడు. ఆ చురక ఊరికే నోరు జారి వచ్చింది కాదు, ఎక్కడ ఎవరికి తగలాలో లెక్క చూసుకుని వేసింది. పాట్‌షాట్‌కి అంత లెక్క ఉండదు.

## వాక్యంలో పెట్టేటప్పుడు

ఏ క్రియతో వాడాలి? డూ, గివ్, పుట్?

'టేక్'. 'హీ టుక్ ఎ పాట్‌షాట్ ఎట్ ది అంపైర్'. ఎక్కువసార్లు బహువచనంలోనే వస్తుంది: 'షీ కీప్స్ టేకింగ్ పాట్‌షాట్స్ ఎట్ హర్ ఫార్మర్ టీమ్'. 'ఫైర్' కూడా అప్పుడప్పుడు కనిపిస్తుంది. తెలుగులో 'వేశాడు' అంటాం కదా అని 'హీ పుట్ ఎ పాట్‌షాట్' అని రాసేవాళ్ళు ప్రతి బ్యాచ్‌లో నలుగురైనా ఉంటారు. అది ఇంగ్లీష్ కాదు.

'ఆన్' రావాలా, 'ఎట్' రావాలా?

'ఎట్' మాత్రమే. మనం 'అతని మీద' అనుకుంటాం, అందుకే చెయ్యి తెలియకుండా 'ఆన్' రాసేస్తుంది. గురి చూసి విసిరే వాటికి ఇంగ్లీష్‌లో 'ఎట్' వస్తుందని గుర్తుపెట్టుకోండి. రాయి విసిరినా ఎట్, వేలు చూపించినా ఎట్, పాట్‌షాట్ వేసినా ఎట్. పరీక్షలో ఖాళీలు పూరించమంటే అడిగేది సాధారణంగా ఈ రెండక్షరాల మాట గురించే.

'ఐ పాట్‌షాటెడ్ హిమ్' అనొచ్చా?

క్రియగా వాడిన సందర్భాలు ఉన్నాయి కానీ చాలా తక్కువ. మీరు రాయకండి.

మనుషుల మీదే వేయాలా, వస్తువుల మీద కూడా వేయొచ్చా?

దేని మీదైనా వేయొచ్చు. చట్టం, సినిమా, ఊరు, భాష, వంట, ఏదైనా. బెజవాడ నుంచి వచ్చిన మా పెద్దమ్మ ఇక్కడ పెళ్ళిలో ఒక ముద్ద నోట్లో పెట్టుకోకుండానే "ఇదేం బిర్యానీ, కారమే లేదు" అంది. అది హైదరాబాద్ బిర్యానీ మీద పాట్‌షాట్. పక్కన కూర్చున్న మా మరిది, "మీ బెజవాడ ఎండకి కారం ఒకటే తక్కువైంది కదా అత్తయ్యా" అన్నాడు. అది బెజవాడ మీద పాట్‌షాట్. ఇద్దరూ తర్వాత రెండోసారి వడ్డించుకున్నారు. ఇలా రెండు వైపులా నడిస్తే ఇంగ్లీష్‌లో 'దే ట్రేడెడ్ పాట్‌షాట్స్' అంటారు.

మెచ్చుకోలుగా వాడొచ్చా? 'ఏం పాట్‌షాట్ వేశాడ్రా!' అన్నట్టు?

ఇంగ్లీష్‌లో కుదరదు. మెచ్చుకోవాలంటే వేరే మాటలున్నాయి. మన కుర్రాళ్ళు 'పంచ్' అని మెచ్చుకోలుగా అంటారు కాబట్టి ఇదీ అలాంటిదే అనుకుంటారు. పంచ్ అనడంలో దెబ్బ బాగా తగిలిందన్న సంతోషం ఉంటుంది. పాట్‌షాట్‌లో దెబ్బ వేసినవాడి మీదే కొంచెం చిరాకు ఉంటుంది.

## పక్కపక్క మాటలతో తికమక

పాట్‌షాట్, చీప్ షాట్ ఒకటేనా?

కాదు. పాట్‌షాట్‌లో తప్పు అజాగ్రత్త. చీప్ షాట్‌లో తప్పు అన్యాయం. ఆటలో నియమం తప్పి, ఎదుటివాడు చూసుకోని సమయంలో కొట్టే దెబ్బ చీప్ షాట్. చర్చ అతని బడ్జెట్ గురించి జరుగుతుంటే, అతని నత్తి గురించి మాట్లాడితే అది చీప్ షాట్. అలా అన్నవాడు బాగా ఆలోచించే అని ఉండొచ్చు, అందుకే ఇంకా నీచం. పేపర్లలో 'చీప్ పాట్‌షాట్' అని రెండూ కలిపి కూడా రాస్తుంటారు, అప్పుడు రెండు నిందలూ ఒకేసారి వేసినట్టు.

'స్నైప్ ఎట్' అని చూశాను. అదీ ఇదే కదా?

దగ్గరి చుట్టమే. స్నైప్ అంటే ఉల్లంకి పిట్ట. నేల మీద నుంచి లేచిందంటే వంకర్లు తిరుగుతూ ఎగురుతుంది, కొట్టడం చాలా కష్టం. దాన్ని కొట్టగలిగినవాడు స్నైపర్. ఈ మాట 1770ల్లో మన దేశంలో ఉన్న ఇంగ్లీష్ వాళ్ళు రాసుకున్న ఉత్తరాల్లో కనిపిస్తుంది, అంటే పుట్టిల్లు ఒక రకంగా ఇక్కడే. తర్వాత సైన్యంలో చాటు నుంచి కాల్చేవాడికి ఆ పేరు స్థిరపడింది.

విమర్శకి వచ్చేసరికి 'స్నైప్' అంటే చాటుమాటుగా, పదేపదే, చిన్నచిన్న మాటలతో పొడవడం. ఆఫీసులో మీరు చెప్పే ప్రతిదానికీ మూల సీట్లోంచి ఒకరు గొణుగుతుంటారే, అది స్నైపింగ్. పాట్‌షాట్‌కి చాటు అక్కర్లేదు, మైకు ముందు నిలబడి కూడా వేయొచ్చు. వేటలో స్నైప్ కొట్టడం పెద్ద విద్య, పాట్‌షాట్ విద్యే కాదు. విమర్శలోకి వచ్చాక రెండింటికీ మర్యాద లేకుండా పోయింది.

నిట్‌పికింగ్ అంటే?

నిట్ అంటే ఈపి. తలలో ఈపులు ఏరినట్టు చిన్నచిన్న తప్పులు వెతకడం నిట్‌పికింగ్. మన 'కోడిగుడ్డుకి ఈకలు పీకడం' సరిగ్గా సరిపోతుంది. పాట్‌షాట్‌కి ఇది పూర్తిగా వ్యతిరేకం అనుకోండి. ఈపులు ఏరేవాడికి ఓపిక మరీ ఎక్కువ, పాట్‌షాట్ వేసేవాడికి ఓపిక అసలు లేదు.

'షాట్ ఇన్ ది డార్క్' కూడా విమర్శేనా?

కాదు, అది ఊహ. తెలియనిదాన్ని అందాజాగా చెప్పి చూడటం. చీకట్లో బాణం వేసినట్టు, లేదా 'ఓ రాయేసి చూద్దాం' అంటామే, అదీ. అందులో ఎవరినీ ఏమీ అనరు.

రోస్ట్, ట్రోల్, పాట్‌షాట్: మూడింటికీ తేడా?

రోస్ట్ అంటే ఒప్పందం మీద జరిగే వెక్కిరింత, తిట్టించుకునేవాడు కూడా నవ్వుతూ కుర్చీలో కూర్చుంటాడు. ట్రోల్ చేసేవాడికి ఎదుటివాళ్ళు ఉడుక్కోవడం కావాలి, దానికోసం వెంటపడతాడు. పాట్‌షాట్ వేసేవాడు ఒక మాట అనేసి తన దారిన పోతాడు, అది ఎక్కడ తగిలిందో కూడా చూడడు.

## తెలుగులోకి తేవాలంటే

సింపుల్‌గా 'విమర్శించాడు' అని రాస్తే సరిపోదా?

అర్థమైతే అవుతుంది, కానీ అసలు ఉప్పు పోతుంది. సంస్కృతంలో విమర్శ అంటేనే బాగా ఆలోచించి, పరిశీలించి చూడటం. సాహిత్య విమర్శ అన్నప్పుడు మనం ఇప్పటికీ ఆ అర్థమే తీసుకుంటాం. ఆలోచన లేకుండా అన్న మాటని విమర్శ అని తెలుగు చేస్తే, బియ్యం లేని అన్నం అన్నట్టుంటుంది. వాడుకలో విమర్శ అంటే తప్పుపట్టడం అయిపోయింది కాబట్టి ఎవరూ పట్టించుకోరు. ట్రాన్స్‌లేషన్ పేపర్ రాసేవాళ్ళు మాత్రం పట్టించుకోవాలి.

మరి సరైన తెలుగు మాట ఏది?

నా ఓటు 'విసురు'కి. 'ఆయన కమిటీ మీద ఓ విసురు విసిరాడు'. ఇందులో విసరడం ఉంది, తేలికతనం ఉంది, గురి గట్టిగా చూడలేదన్న ధ్వనీ ఉంది. పేపర్లలో 'విసుర్లు' అని బహువచనంలో చూసే ఉంటారు, పాట్‌షాట్స్‌కి అది చక్కగా సరిపోతుంది.

మిగతా మాటలు ఒక్కోటి ఒక్కో వైపు లాగుతాయి. 'చురక', 'చెణుకు' తెలివిని మెచ్చుకుంటాయి. 'ఎత్తిపొడుపు', 'దెప్పడం' ఇంట్లో వాళ్ళ మధ్య పాత సంగతుల చుట్టూ తిరుగుతాయి. అత్తగారు కోడలి పుట్టింటి పెట్టుపోతల గురించి దెప్పుతుంది, పాట్‌షాట్ వేయదు, ఎందుకంటే ఆవిడకి ఏది ఎక్కడ తగులుతుందో బాగా తెలుసు. 'దుమ్మెత్తిపోశారు', 'విరుచుకుపడ్డారు' మరీ భారీ, అర్ధగంట ప్రసంగానికి పనికొస్తాయి. 'మాటల తూటాలు' చూడటానికి తుపాకీ ఉంది కదా అని దగ్గరనిపిస్తుంది, కానీ అందులో తీవ్రత ఎక్కువ. 'నోరు పారేసుకున్నాడు' అంటే అజాగ్రత్త వచ్చింది కానీ బూతు కూడా అని ఉంటాడేమో అన్న అనుమానం తోడొస్తుంది.

వేసినవాడి భద్రత, అంటే తిరుగు దెబ్బ తగలని చోటు, తెలుగులో ఎలా చెప్పాలి?

దానికి మాట కాదు, వాక్యం కావాలి. 'ఒడ్డున కూర్చుని మాట్లాడటం' పనికొస్తుంది. ఈత కొట్టేవాడికి ఒడ్డున ఉన్నవాడు ఎన్నైనా చెప్తాడు. 'ఒడ్డున కూర్చుని కోచ్ మీద విసుర్లు విసిరాడు' అంటే ఇంగ్లీష్ మాటలో ఉన్నదంతా వచ్చేసింది.

తెలుగులో మాట్లాడుతూ 'పాట్‌షాట్ వేశాడు' అంటే తప్పా?

తప్పేం కాదు. సెటైర్ వేశాడు, పంచ్ వేశాడు అంటున్నాం కదా, వాటి పక్కన ఇదీ కూర్చుంటుంది. వినేవాళ్ళకి తెలిసిన మాట అయి ఉండాలి, అంతే.

## పరీక్షలో, ఆఫీసులో

ఆబ్జెక్టివ్ పేపర్లో ఎలా అడుగుతారు?

సాధారణంగా ఒక వాక్యం ఇచ్చి దగ్గరి అర్థం గుర్తించమంటారు. నాలుగింట్లో ఒకటి 'తుపాకీతో కాల్చాడు' అన్నట్టు ఉంటుంది, ఒకటి 'గట్టిగా విమర్శించాడు', ఒకటి 'ఆలోచించకుండా విమర్శించాడు', ఒకటి పొగడ్త. పొగడ్తని అందరూ కొట్టేస్తారు. 'గట్టిగా' దగ్గర ఎక్కువమంది జారిపోతారు. పాట్‌షాట్ మెత్తగా కూడా ఉండొచ్చు, నవ్వుతూ కూడా అనొచ్చు. గట్టిదనం దాని లక్షణం కాదు, ఆలోచన లేకపోవడమే లక్షణం.

వ్యాసంలో వాడితే మార్కులు పోతాయా?

పోవు, కానీ చోటు చూసుకోండి. ఇది పత్రికల మాట, కబుర్ల మాట. సమకాలీన రాజకీయాల మీద వ్యాసంలో ఒకసారి వస్తే బాగుంటుంది. సుప్రీంకోర్టు తీర్పు మీద రాస్తూ, భిన్నాభిప్రాయం రాసిన న్యాయమూర్తి 'పాట్‌షాట్ వేశారు' అంటే పేపర్ దిద్దేవాళ్ళు మీకు ఆ మాట బరువు తెలియదనుకుంటారు. పేజీలకి పేజీలు కారణాలు రాసిన మనిషి చేసింది పాట్‌షాట్ ఎలా అవుతుంది?

ఆఫీస్ మెయిల్లో 'ఫీడ్‌బ్యాక్' బదులు వాడొచ్చా, స్టైల్‌గా ఉంటుందని?

దయచేసి వద్దు. మాదాపూర్‌లో ఉద్యోగం చేసే ఒక అబ్బాయి నా దగ్గర వారాంతం క్లాసుకి వచ్చేవాడు. ఆ వారం పాట్‌షాట్ నేర్చుకున్నాడు, సోమవారం క్లయింట్‌కి మెయిల్ పెట్టాడు: 'థాంక్యూ ఫర్ యువర్ వాల్యుబుల్ పాట్‌షాట్స్'. వచ్చే శనివారం మొహం వేలాడేసుకుని ఫోన్ చూపించాడు. అవతలి నుంచి ఒకే ఒక్క లైను: 'ఐ స్పెంట్ త్రీ అవర్స్ ఆన్ దోజ్'. మూడు గంటలు కూర్చుని, ఒక్కో స్క్రీన్ చూసి రాసిన సూచనల్ని వీడు 'మీ విలువైన నోటికొచ్చిన మాటలకి ధన్యవాదాలు' అన్నాడు. ఇందులో సగం తప్పు నాది. అర్థం చెప్పాను కానీ, ఎదుటివాళ్ళ మాటకి ఈ పేరు పెడితే అవమానమని చెప్పలేదు. అప్పటి నుంచి మొదటి రోజే చెప్తున్నాను.

మీటింగ్‌లో మీ గురించి మీరే అనుకోవడానికి మాత్రం బాగా పనికొస్తుంది. 'ఐ డోంట్ వాంట్ టు టేక్ పాట్‌షాట్స్ ఎట్ ది టెస్టింగ్ టీమ్' అని మొదలుపెట్టొచ్చు. అలా మొదలుపెట్టాక మాత్రం తర్వాతి వాక్యంలో ఏ రోజు, ఏ బగ్, ఎన్ని గంటలు ఆలస్యం అన్నది ఉండాలి. లేకపోతే వేయనంటూనే వేసినట్టు.

నేను నిజంగా ఆలోచించి చెప్పినదాన్ని మేనేజర్ 'పాట్‌షాట్' అన్నాడు. ఏమని జవాబివ్వాలి?

కోపంగా 'ఇట్ వాజ్ నాట్ ఎ పాట్‌షాట్' అని ఒక్క లైను రాస్తే అది కూడా అలాంటిదే అనిపిస్తుంది. ఆయన వాడిన మాటని అసలు ముట్టుకోకండి. మీరు చూసిన తేదీ, ఫైలు పేరు, ఏం గమనించారో రెండు లైన్లు, ఏం మారిస్తే బాగుంటుందో ఒక లైను రాయండి. 'హ్యాపీ టు వాక్ యూ త్రూ ఇట్' అని చివర్లో పెట్టండి. నా దగ్గర చదువుకున్న అమ్మాయి ఒకతె ఇలాగే పంపింది. మేనేజర్ 'కాల్ ఎట్ ఫోర్' అని జవాబిచ్చాడు. నాలుగింటికి కాల్‌లో ఏం జరిగిందో తను నాకింకా చెప్పలేదు, నేనూ అడగలేదు.